చెక్క రైలు ఇంజన్‌కి సీసం పుల్ల గులాబీ రంగు తిరిగింది, ఎక్కడ టెస్ట్ చేయించాలి?

రాజోలు అమ్మాయి

అందరికీ నమస్కారం అండీ. ఇక్కడ రాయడం ఇదే మొదటిసారి, కాస్త పొడుగైతే ఏమీ అనుకోకండి.

మా బాబుకి పదహారు నెలలు. మా మరిది షార్జాలో ఉంటాడు. సంక్రాంతికి వచ్చినప్పుడు వాడి కోసం ఒక చెక్క రైలు, ఒక మెత్తటి ప్లాస్టిక్ బాతు తెచ్చాడు. రైలుకి పసుపు ఇంజన్, వెనక ఎర్ర బోగీ, నీలం బోగీ. అయస్కాంతాలతో ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఇంజన్ అడుగున మేడ్ ఇన్ చైనా అనీ, పక్కన సీఈ అనీ ఉంది. అంతే, కంపెనీ పేరు కూడా లేదు. డబ్బా ఆ రోజే పారేశాం.

పళ్ళొస్తున్నాయి కదా, వీడు రోజంతా ఆ ఇంజన్ ముక్కు కొరుకుతూనే ఉంటాడు. పోయిన వారం చూస్తే ముక్కు దగ్గర రంగంతా పోయి చెక్క కనిపిస్తోంది, వాడి కింది పెదవి మీద గోరంత పసుపు పెచ్చు. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. ఫోన్‌లో ఏవేవో చూసి సీసం ఉందో లేదో చెప్పే పుల్లలు ఆన్‌లైన్‌లో తెప్పించాను. పుల్ల చివర తడిపి బొమ్మ మీద రుద్దితే గులాబీ రంగు వస్తే సీసం ఉన్నట్టట.

ఎర్ర బోగీ మీద రుద్దగానే వెంటనే ఎర్రబడింది. నా చేతులు చల్లబడిపోయాయి. నీలం బోగీకి ఏమీ రాలేదు. పసుపు ఇంజన్‌కి కూడా ఏమీ రాలేదని పుల్ల చెత్తబుట్టలో వేసి పడుకున్నాను. పొద్దున్నే బుట్ట ఖాళీ చేస్తుంటే ఆ పసుపు ఇంజన్ పుల్ల చివర లేత గులాబీ! ఇప్పుడు ఏది నమ్మాలి? బాతుకి ఏమీ రాలేదు.

మా అత్తగారేమో "పిల్లాడు బొమ్మ నోట్లో పెట్టకపోతే ఇంకెక్కడ పెడతాడు" అంటున్నారు. మా ఆయనేమో నాకు అనవసరంగా టెన్షన్ ఎక్కువైందంటున్నారు. సరిగ్గా టెస్ట్ చేసేవాళ్ళు ఎక్కడుంటారు? బాబుకి రక్త పరీక్ష చేయించాలా? తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

పాత ల్యాబు మాస్టారు

అమ్మా, ముందు రైలు మొత్తం ఒక కవర్లో పెట్టి, మూతి కట్టి, బీరువా మీద పెట్టేయండి. పారేయకండి, అది మనకి కావాలి. రంగు పోయిన చోట ఉప్పుకాగితంతో నున్నగా చేద్దామని ఎవరైనా అంటే అసలు ఒప్పుకోవద్దు, ఆ పొడి ఇంట్లో పడితే ఇంకా ప్రమాదం. పిల్లాడు పాకే చోటంతా తడిగుడ్డతో తుడవండి. చీపురుతో ఊడిస్తే దుమ్ము లేస్తుంది.

ఇంకొకటి, సీసం సంగతి తర్వాత. ఆ అయస్కాంతాలు గట్టిగా ఉన్నాయో లేదో చూశారా? రెండు అయస్కాంతాలు మింగితే లోపల పేగు గోడల్ని మధ్యలో పెట్టుకుని అతుక్కుపోతాయి, గంటల్లో ఆపరేషన్ దాకా వస్తుంది. సీసం నెలల మీద చేసే పని అవి ఒక్క రోజులో చేస్తాయి.

నా గురించి రెండు ముక్కలు. చెన్నైలో ఒక ప్రైవేటు ల్యాబులో పదకొండేళ్ళు బొమ్మల రంగులు గీకాను. నిజంగానే గీకడమే ఉద్యోగం. ఇప్పుడు ఏలూరులో ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెబుతున్నాను.

మీ పుల్లల సంగతి. ఎర్ర బోగీకి వెంటనే వచ్చిన ఎరుపు నన్నంత భయపెట్టలేదు. ఒక తెల్ల దూది తీసుకుని ఉత్త నీళ్ళలో, ఇంకొకటి కాస్త వెనిగర్‌లో తడిపి ఆ బోగీ మీద రుద్దండి. దూది ఎర్రబడితే అది బోగీ రంగు ఊడి రావడమే. నాసిరకం రంగే గానీ, సీసమని అర్థం కాదు. నన్ను ఆలోచనలో పడేసింది ఆ పసుపు. పసుపు, నారింజ రంగుల కోసం పూర్వం నుంచీ లెడ్ క్రోమేట్ వాడతారు. అది సీసం ఉన్న రంగు, ఒక పట్టాన కరగదు. పుల్లలో ఉన్న మందుకి దొరకాలంటే టైమ్ పడుతుంది. రాత్రి వేసి పొద్దున చూస్తే గులాబీ రావడం సరిగ్గా దాని లక్షణం. అయినా నేను ఖాయంగా చెప్పను. 2007లో అమెరికా వినియోగదారుల భద్రతా సంస్థ ఇలాంటి ఇంటి కిట్లని పరీక్షించి చూసింది. 104 ఫలితాల్లో 56 సార్లు సీసం ఉన్నా లేదని చూపించాయి, 2 సార్లు లేకపోయినా ఉందన్నాయి. అంటే పుల్ల "లేదు" అన్నప్పుడే ఎక్కువ మోసం. మీ బాతు విషయంలో కూడా అందుకే నిశ్చింతగా ఉండకండి. పుల్ల పైపైనే చూస్తుంది, ప్లాస్టిక్ లోపల కలిసిపోయినదాన్ని అది చూడలేదు. పీవీసీ అనే మెత్తటి ప్లాస్టిక్‌లో వేడికి పాడవకుండా సీసం, కాడ్మియం కలిపిన రోజులున్నాయి.

ఇక ల్యాబులో ఏం చేస్తామంటే, మన దేశంలో బొమ్మలకి ఐఎస్ 9873 అనే ప్రమాణం ఉంది. దాంట్లో మూడో భాగం ఈ లోహాల గురించి. మొత్తం ఎనిమిది: యాంటిమొనీ, ఆర్సెనిక్, బేరియం, కాడ్మియం, క్రోమియం, సీసం, పాదరసం, సెలీనియం. బొమ్మలో అవి ఎంత ఉన్నాయన్నది కాదు మేం చూసేది. పిల్లాడు మింగితే కడుపులో ఎంత ఊడి వస్తుందన్నది చూస్తాం. రంగుని సర్జికల్ బ్లేడుతో గీకి, అరమిల్లీమీటరు జల్లెడ పట్టి, దానికి యాభై రెట్లు పలుచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తాం. అది మన జీర్ణరసానికి బదులన్నమాట. 37 డిగ్రీల దగ్గర, వెలుతురు తగలకుండా ఒక గంట ఊపి, ఒక గంట కదపకుండా ఉంచి, వడకట్టి మిషన్‌లో పెడతాం. సీసానికి హద్దు కిలోకి 90 మిల్లీగ్రాములు, కాడ్మియంకి 75, ఆర్సెనిక్‌కి 25. బేరియంకి మాత్రం 1000. పిల్లలు ముద్దలు చేసి ఆడుకునే మట్టికి, వేళ్ళతో పూసే రంగులకి కొన్ని లోహాల హద్దు ఇంకా తక్కువ.

గీకడం అనేది వినడానికి తేలిక. బొమ్మ కంటిపాప మీద నల్ల చుక్క ఉంటుంది చూడండి, దాని బరువెంత? పది మిల్లీగ్రాముల రంగు కూడా రాకపోతే పరీక్షే చేయకూడదు. అందుకని అదే బొమ్మలు ఇరవై ముప్పై తెప్పించి, ఒక్కొక్క కన్నూ గీకి పోగుచేసేవాళ్ళం. సాయంత్రానికి బల్ల మీద ముప్పై గుడ్డి బొమ్మలు వరసగా పడుకుని ఉండేవి. కొత్తగా చేరిన అమ్మాయి ఒకతె మొదటి రోజే ఏడ్చేసింది. ఎక్కడో మొదలుపెట్టి ఎక్కడికో వచ్చాను.

ల్యాబు కోసం ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకి గుర్తింపు ఇచ్చే సంస్థ) వెబ్‌సైట్‌లో వెతకండి. గుర్తింపు ఉందా లేదా అని మాత్రం అడిగితే సరిపోదు. నీళ్ళ పరీక్షకి గుర్తింపు ఉన్నవాళ్ళు కూడా ఉందనే అంటారు. వాళ్ళ స్కోప్‌లో, అంటే గుర్తింపు ఉన్న పరీక్షల జాబితాలో, ఐఎస్ 9873 పార్ట్ 3 ఉందో లేదో అడగండి. ఒక్కో రంగునీ విడిగా పరీక్షించాలి, రంగులు కలపకూడదు, కాబట్టి రంగుకో ఫీజు. మీరు పసుపు ఒక్కటే ఇవ్వండి చాలు.

బెజవాడ బొమ్మల కొట్టు

అక్కా, కొట్టువాడిగా నా మాట కూడా విను. ఆ రైలు మన దేశంలో కొట్లో అమ్మితే తప్పు. 2021 జనవరి 1 నుంచి పద్నాలుగేళ్ళ లోపు పిల్లల బొమ్మలన్నిటికీ ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి, ఇక్కడ చేసినా చైనా నుంచి వచ్చినా. సీఈ అనేది యూరప్ గుర్తు, అది కూడా చాలా బొమ్మలకి తయారీదారు తనకు తానే వేసుకునేది. దాన్ని చూసి మోసపోవద్దు. కానీ మీ మరిది గారి సూట్‌కేసులో వచ్చినదానికి ఈ రూలు ఎవరు అడుగుతారు? మాకైతే పోర్టులో కంటైనర్ దిగితే శాంపిల్ తీసి ల్యాబుకి పంపుతారు, ఫెయిలైతే వెనక్కి పంపాలి లేదా మా ఖర్చుతోనే ధ్వంసం చేయాలి. సూట్‌కేసుకి అవేం లేవు.

అంతకుముందు మా వ్యాపారం ఎలా ఉండేదో చెబితే నవ్వుతారు. బొమ్మలు కిలోల లెక్కన కొనేవాళ్ళం. గోతాల్లో వచ్చేవి. ఏ కంపెనీ, ఏ రంగు అని అడిగినవాడు లేడు. 2009 జనవరిలో ఒకసారి చైనా బొమ్మలు ఆరు నెలలు బంద్ అన్నారు, రెండు నెలలు తిరక్కుండానే సర్టిఫికెట్ ఉంటే తెచ్చుకోవచ్చని సడలించారు. అప్పుడు నేను మా నాన్నతో కొట్లో కూర్చునేవాణ్ణి. ఆయన ఒక్క గోతాం కూడా వెనక్కి పంపలేదు. 2020లో దిగుమతి సుంకం 20 నుంచి 60 శాతం చేశారు, 2023లో 70. దాంతో సగం సరుకు దానంతట అదే ఆగింది.

ఐఎస్ఐ గుర్తు ఉన్నా ఒక పని చెయ్యి. గుర్తు పైన ఐఎస్ నంబరు, కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్స్ నంబరు ఉంటుంది. ఐఎస్ఐ గుర్తు ఇచ్చే బీఐఎస్ సంస్థ యాప్ ఉంది, బీఐఎస్ కేర్ అని, దాంట్లో ఆ నంబరు కొట్టు. నా దగ్గరికి ఒక సప్లయర్ తెచ్చిన డబ్బాల మీద నంబరు కొడితే లైసెన్స్ నిజమైనదే వచ్చింది, కానీ అది బొమ్మలది కాదు, వేరే ఏదో సరుకుది. స్టిక్కర్ చుట్ట ఎక్కడో కొట్టించి డబ్బాల మీద అంటించేశాడు. ఆ డబ్బాలు నేను తీసుకోలేదు. పక్క కొట్టువాళ్ళు తీసుకున్నారేమో నాకు తెలియదు, అడగలేదు.

మన కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మలకి ఐఎస్ఐ అక్కర్లేదు, జీఐ (ఫలానా ఊరి సరుకు అనే గుర్తింపు) ఉన్న చేతివృత్తులవాళ్ళకి మినహాయింపు ఇచ్చారు. మినహాయింపు అంటే పరీక్ష లేదనే గానీ ప్రమాదం లేదని కాదు సుమా. ఏటికొప్పాకలో అంకుడు కర్ర మీద లక్కతో, మొక్కల రంగులతో చేసేవి ఉంటాయి, పసిపిల్లలకి అవి అడిగి తీసుకో. కొండపల్లి బొమ్మలకి చాలామంది ఎనామిల్ పెయింటే వేస్తారు. అవి కొలువులో పెట్టుకోవడానికి, కొరుక్కోవడానికి కాదు. మా ఊరి బొమ్మల్ని నేనే ఇలా అంటున్నానని తిట్టకండి.

గట్టిపిండం

ఏంటండీ ఈ గోల. మేమంతా రంగు బొమ్మలు నాక్కుంటూ, గోడ సున్నం తింటూ పెరిగినవాళ్ళమే. ఏమైంది మాకు? ఈ ల్యాబులన్నీ డబ్బుల కోసం.

పాత ల్యాబు మాస్టారు

గట్టిపిండం గారూ, ఏమైందో ఎవరు కొలిచారు? మన చిన్నప్పుడు పెట్రోల్లోనే సీసం కలిపేవారు, దేశమంతా మానేసింది 2000లో. ఇంట్లో వేసే పెయింట్లకి 90 పీపీఎం (కిలోకి 90 మిల్లీగ్రాములు) హద్దు చట్టంగా వచ్చింది 2016లో, అమలైంది 2017 నవంబరు నుంచి. సీసం జ్వరంలా పైకి కనబడదు. తెలివితేటల్లో నాలుగు పాయింట్లు తగ్గితే ఆ పిల్లాడికీ తెలియదు, తల్లికీ తెలియదు. పెద్దవాళ్ళ ఒంట్లోకి వెళ్ళేదానికి నాలుగైదు రెట్లు పసిపిల్లల ఒళ్ళు పీల్చుకుంటుంది. ల్యాబు డబ్బుల కోసమే అన్నది మాత్రం నిజం, నాకు జీతం ఇచ్చారు.

రాజోలు అమ్మాయి

మాస్టారూ, దూది పరీక్ష చేశాను. ఎర్ర బోగీకి ఉత్త నీళ్ళకే దూది ఎర్రబడింది! మీరన్నట్టే అది రంగే. పసుపుకి దూది తెల్లగానే ఉంది. అయస్కాంతాల్లో ఒకటి నిజంగానే కదులుతోంది, చూసి గుండె జారిపోయింది. మా అత్తగారు కూడా ఇప్పుడు ఏమీ అనడం లేదు.

ఇంకో సందేహం. మా ఆయన ఒక ఉపాయం చెప్పారు. అమలాపురంలో మాకు తెలిసిన బంగారం కొట్లో టచ్ చూసే మిషన్ ఉంది. ఉంగరం లోపల పెడితే బంగారం ఎంత, రాగి ఎంత, వెండి ఎంత అని కంప్యూటర్‌లో చూపిస్తుంది. ఇంజన్ కూడా అందులో పెడితే సీసం ఎంతో చెప్పదా అంటున్నారు. ల్యాబువాళ్ళు చెప్పిన ఫీజు బొమ్మ ఖరీదుకి పది రెట్లు ఉంది, అందుకని.

పాత ల్యాబు మాస్టారు

మీ ఆయన బుర్ర బాగా పనిచేస్తోందమ్మా. అది ఎక్స్‌ఆర్‌ఎఫ్ మిషనే. ఎక్స్‌కిరణాలు కొడితే ప్రతి మూలకం తన సొంత శక్తితో తిరిగి వెలుగుతుంది, దాన్నిబట్టి ఏముందో చెబుతుంది. అమెరికాలో కస్టమ్స్‌వాళ్ళు, కంపెనీలవాళ్ళు బొమ్మల్ని చూసేది తుపాకీలా ఉండే ఇదే రకం మిషన్‌తో. గీకక్కర్లేదు, బొమ్మ పాడవదు, నిమిషంలో అయిపోతుంది.

కానీ బంగారం కొట్టు మిషన్‌కి నేర్పింది బంగారం, వెండి, రాగి లెక్క. చెక్క మీద పలుచటి రంగు పొర పెడితే అది కూడా నగే అనుకుని, మొత్తం వంద శాతం లోహమే అన్నట్టు లెక్క కట్టేస్తుంది. సీసం 40 శాతం అని చూపించినా ఆశ్చర్యపోను, మీరు మాత్రం స్పృహ తప్పి పడిపోతారు. బొమ్మల కోసం సరిచేసిన మిషన్‌తో కూడా తిప్పలున్నాయి. ఏ శక్తి దగ్గర వెలుగుతుందో దాన్ని గీత అంటాం. సీసం ప్రధాన గీత, ఆర్సెనిక్ ప్రధాన గీత దాదాపు ఒకే చోట పడతాయి, 10.5 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర. సీసం రెండో గీత 12.6 దగ్గర చూసి విడదీయాలి. కొత్తవాళ్ళు సీసాన్ని చూసి ఆర్సెనిక్ అని కేకలు పెట్టడం నాకు తెలుసు.

ఇంకో సంగతి నాకు బాగా గుర్తుంది. ఒక తెల్ల రంగు బొమ్మకి ఎక్స్‌ఆర్‌ఎఫ్‌లో బేరియం హద్దుకి ఎన్నో రెట్లు వచ్చింది. కొన్నవాళ్ళు గగ్గోలు. ఆమ్లంలో వేసి చూస్తే బయటికి వచ్చింది దాదాపు శూన్యం. అది బేరియం సల్ఫేట్, అసలు కరగదు. కడుపు ఎక్స్‌రే తీసేటప్పుడు డాక్టర్లు తాగించేది అదే. అందుకే ఎవరైనా ఒక అంకె చెప్పగానే నేను మొదట అడిగేది, అది బొమ్మలో ఉన్నదా, బొమ్మలోంచి వచ్చేదా అని. మన దేశంలో సీసానికి 90 అంటే ఆమ్లంలోకి వచ్చేది. అమెరికాలో రంగుకి 90 అంటే మొత్తం ఉన్నది. అంకె ఒకటే అయినా అమెరికాది చాలా గట్టిది. యూరప్ ఇంకా ముందుకెళ్ళింది, గీకితే వచ్చే పొడికి సీసం 2018 నుంచి 23, సుద్దలాంటి పొడి సరుకుకి 2, నీళ్ళలాంటి రంగులకి అర. వాళ్ళ జాబితాలో లోహాలు కూడా పంతొమ్మిది రకాలు. నన్నడిగితే పసిపిల్లల బొమ్మలకి మనం కూడా మొత్తం సీసమే కొలవాలి. రెండు గంటలు ఆమ్లంలో నానబెట్టి ఇంతే వచ్చింది కాబట్టి పాస్ అనడం నాకెప్పుడూ మింగుడుపడలేదు. 2006లో అమెరికాలో మినియాపోలిస్‌లో నాలుగేళ్ళ పిల్లాడు బూట్లతో ఉచితంగా ఇచ్చిన గుండె ఆకారం బిళ్ళ మింగి చనిపోయాడు. ఆ బిళ్ళ దాదాపు మొత్తం సీసమే. కడుపులో ఉండిపోయిన బిళ్ళకి రెండు గంటల లెక్క ఏం వర్తిస్తుంది?

ఇంకో మెలిక కూడా చెప్పేస్తాను, రిపోర్టు వచ్చాక మీకు ఉపయోగపడుతుంది. సీసం ఫలితంలోంచి 30 శాతం తీసేస్తారు, ల్యాబుకీ ల్యాబుకీ వచ్చే తేడా కోసం. మిషన్ 120 చూపిస్తే రిపోర్టులో 84 అవుతుంది, పాస్. ఇది దొంగతనం కాదు, ప్రమాణంలోనే రాసి ఉంది. మొదటిసారి చూసినప్పుడు నాకూ కోపం వచ్చింది.

న్యూజెర్సీ వదిన

ఇక్కడ ఏడాది వయసులో ఒకసారి, రెండేళ్ళ వయసులో ఇంకోసారి పిల్లలకి సీసం రక్త పరీక్ష చేయాలని మా రాష్ట్రంలో చట్టమే ఉంది. మా చిన్నదానికి ఏడాది నిండగానే వేలి చివర గుచ్చి తీస్తే 11 వచ్చింది (డెసిలీటరు రక్తంలో మైక్రోగ్రాముల లెక్క). నరంలోంచి తీసి మళ్ళీ చేస్తే 9. వేలి మీద ఉన్న దుమ్ము కూడా రక్తంలో కలిసి ఎక్కువ చూపించొచ్చట, అందుకే రెండోసారి నరంలోంచే తీశారు. ఇక్కడ 3.5 దాటితే పట్టించుకుంటారు.

ఆరోగ్యశాఖ నుంచి ఒకావిడ ఆ తుపాకీ మిషన్ పట్టుకుని ఇంటికి వచ్చింది. నేను ఏడుస్తూ బొమ్మలన్నీ హాల్లో కుప్ప పోశాను. 2007లో ఇక్కడ బొమ్మల కంపెనీలు సీసం రంగు వల్ల లక్షల బొమ్మలు వెనక్కి తీసుకున్నాయని చదివి ఉన్నాను కదా, బొమ్మలే అని నా నమ్మకం. ఒక్కటీ పట్టుబడలేదు. ఆవిడ వెళ్ళిపోతూ దేవుడి గూడు దగ్గర ఆగింది. సిందూరం భరిణె మీద ఆ మిషన్ పెట్టింది. మిషన్ అంకె చూసి ఆవిడ నా మొహం చూసింది. మా అమ్మ ఊరి నుంచి తెచ్చిన నారింజ సిందూరం. రోజూ పొద్దున నేను బొట్టు పెట్టుకున్న చేత్తోనే పాపని ఎత్తుకునేదాన్ని.

రాజోలు అమ్మాయి గారూ, రైలుని టెస్ట్‌కి పంపండి, తప్పు లేదు. కానీ రక్త పరీక్ష ముందు చేయించండి. సిందూరం, కాటుక కూడా ఒకసారి చూసుకోండి.

పాత ల్యాబు మాస్టారు

వదిన గారి మాటే నా మాట. రక్తం నరంలోంచే తీయించండి, దాంతోపాటు హిమోగ్లోబిన్, ఐరన్ కూడా. ఒంట్లో ఇనుము, కాల్షియం తక్కువైతే సీసాన్ని ఎక్కువ పీల్చుకుంటుంది.

రాజోలు అమ్మాయి

మూడు వారాల తర్వాత వచ్చాను, క్షమించండి.

రక్త పరీక్ష శాంపిల్ ఇక్కడి నుంచి హైదరాబాద్ పంపారు. 4.1 వచ్చింది. మా డాక్టరు గారు మందులక్కర్లేదు, బొమ్మ తీసేశారు కాబట్టి మూడు నెలల తర్వాత మళ్ళీ చేద్దామన్నారు. హిమోగ్లోబిన్ తక్కువగా ఉందని ఐరన్ చుక్కలు ఇచ్చారు. రాగిజావ పెట్టమన్నారు, అది మాత్రం వీడు ఉమ్మేస్తున్నాడు.

ఇంజన్ పసుపు రిపోర్టు కూడా వచ్చింది. మొత్తం ఎనిమిది వరసలు. సీసం 1140, ఫెయిల్. క్రోమియం 280, ఫెయిల్. మిగతా ఆరు పాస్. క్రోమియం ఎక్కడి నుంచి వచ్చింది మాస్టారూ? దానికి విడిగా భయపడాలా?

పాత ల్యాబు మాస్టారు

1140ని 280తో భాగించండి. నాలుగు చిల్లర. సీసం పరమాణువు బరువు 207, క్రోమియంది 52. అది కూడా నాలుగే. రెండూ ఒకే డబ్బాలోంచి వచ్చాయి, లెడ్ క్రోమేట్. మీ పుల్ల పొద్దున దాకా ఎందుకు ఆగిందో ఇప్పుడు అర్థమైంది కదా. రేపు మా ఇంటర్ పిల్లలకి ఈ లెక్క ఇస్తాను, మీకు అభ్యంతరం లేకపోతే.

భయపడాల్సింది విడిగా ఏమీ లేదు, సీసం కోసం చేస్తున్నదే దానికీ సరిపోతుంది. 4.1 అంటే పెద్ద అంకె కాదు, పట్టించుకోవాల్సిన అంకె. రెండో పరీక్ష మానకండి. ఆ ఇంజన్‌ని కాల్చకండి, పనమ్మాయి పిల్లలకి ఇవ్వకండి, పాత సామాన్లవాడికి వేయకండి. మీ మరిది అక్కడ ఇలాంటివి ఇంకెవరికైనా కొన్నాడేమో ఒకసారి అడగండి.

రాజోలు అమ్మాయి

తప్పకుండా ఇవ్వండి మాస్టారూ, మా ఇంజన్ కనీసం అలాగైనా పనికొస్తుంది.

మరిదికి నిన్ననే ఫోన్ చేశాను. అతనితో పాటు గదిలో ఉండే తునివాళ్ళ అబ్బాయి కూడా అదే రైలు కొని ఊరికి పంపాడట, వాళ్ళ పాపకి రెండేళ్ళు. వెంటనే వాళ్ళింటికి ఫోన్ చేయించాం. పాప బోగీలతోనే ఆడుకుంటోందట. ఇంజన్ ముక్కు మొదటి వారమే ఊడిపోయిందట, ఎక్కడ పడిందో చూడలేదన్నారు. ఇప్పుడు వాళ్ళు మంచాల కింద వెతుకుతున్నారు.